ఎవరి పేరుతో నొక్కాలి

"ఇంట్లో పన్జేసే ప్రతిదానికీ బొట్టెట్టాలే. ఒక్కటి మర్సిపోయినా అమ్మోరికి కోపమొత్తది," అంది మా అత్తమ్మ రామాయమ్మ, హాల్లో కుర్చీ మీద కాళ్ళు చాపుకుని.

మహర్నవమి పొద్దున్న. కుడిచెయ్యి నిండా గారెల పిండి, ఎడంచేతిలో కుంకుమ భరిణె. గ్రైండరుకి పెట్టాను, మిక్సీకి పెట్టాను, గ్యాస్ పొయ్యికి, ఫ్రిజ్జుకి, నీళ్ళ మోటారు స్విచ్చికి, వీధిలో మా ఆయన బండికి. కత్తిపీటక్కూడా పెట్టాను. "అన్నిటికీ అయిందేటి?" అని అత్తమ్మ అడిగితే అయిందండీ అన్నాను. ఈ ఇంట్లో తెల్లారింది మొదలు ఆగకుండా తిరిగేది ఇంకొకటుంది. దాని నుదుట బొట్టు అదే పెట్టుకుంటుంది, అదే గారెలు వండుతుంది, మధ్యలో ఆగితే తిట్లు కూడా అదే తింటుంది. పండగపూట ఎందుకులే అని నోరు మూసుకున్నాను.

నా ఫోను పొయ్యి పక్కన ఉప్పుడబ్బాకి ఆనించి ఉంది. దాని మీదే నా కళ్ళు. మా ప్లాంటులో మూడు కంప్యూటర్లు ఆ నిమిషాన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటున్నాయి. ఒకదాని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పడింది. నూనెలో గారె తిప్పి మళ్ళీ చూశాను. రెండోదానికీ పడింది.

నక్కపల్లి దారిలో రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి, విదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకటుంది. నేను అందులో సిస్టమ్ అడ్మిన్‌ని. అంటే ఏమిటని మా వీధిలో ఎవరైనా అడిగితే అత్తమ్మ "కంపూటర్లు తుడుత్తాది" అంటుంది. మొదట్లో సరిదిద్దేదాన్ని, తరవాత మానేశాను. ఎందుకంటే చాలా ఏళ్ళు నేను చేసిందీ దానికి పెద్ద దూరంగా లేదు. గేటు దగ్గర హాజరు వేసే కంప్యూటరు నుంచి డబ్బాల మీద లేబుళ్ళు కొట్టే కంప్యూటర్ల దాకా, ఏ చిన్న మార్పు వచ్చినా, పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కోదాని దగ్గరకీ వెళ్ళాలి. గమ్ బూట్లు వేసుకుని, తలకి టోపీ పెట్టుకుని, ఎముకలు కొరికే చలిలో నిలబడి, "కాస్త లేస్తారా" అని ఒక్కొక్కరినీ బతిమాలాలి. "మళ్ళీ ఏటి పాడు సేద్దామనొచ్చేవమ్మా" అని సూపర్‌వైజర్లు నవ్వేవారు. ప్రతి దసరాకీ ఇదే. అందరికీ పండగ, మెషీన్లు ఖాళీగా ఉండేది అప్పుడే గనక నాకు డ్యూటీ. సాయంత్రం ఇంటికొస్తే గారెలు లేవని ఒకరి మూతి, బొబ్బట్లు లేవని ఇంకొకరి మూతి.

ఇలా కాదని, భోజనాల వేళ డబ్బా పక్కన పెట్టుకుని, ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తది ఏదొచ్చినా సర్వరులో ఒక్కచోట పెడతాను. కంప్యూటర్లు వాటంతటవే వచ్చి తీసుకుంటాయి. కానీ అన్నీ ఒకేసారి కాదు. పులుసు వడ్డించే ముందు అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూస్తాం కదా, అలా ముందు మూడే. అవి బాగున్నాయని ఒక మనిషి చూసి ఒప్పుకుంటేనే తరవాత సర్వర్లు, ఆ పైన మిగతావి. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా కొత్తది వదిలేసి నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళిపోవాలి. ఈ వెనక్కి వెళ్ళేది రాయడానికే నా ప్రాణం సగం పోయింది.

ఆ ఒప్పుకునే చోట ఒక వాక్యం పెట్టాను. "చూశాను, బాధ్యత నాది" అని, కింద పేరు. పేరు లేకపోతే ముందుకి కదలదు. ఒకసారి ఎవరో తప్పు లేబుళ్ళు వదిలేసి, ఎవరు వదిలారో తేలక, అందరి వేళ్ళూ నా వైపే తిరిగాయి. అప్పుడు పెట్టిన నిబంధన అది. మా మేనేజరు కృష్ణబాబు తెగ మెచ్చుకున్నాడు. "బాగుంది చెల్లెమ్మా, తప్పు జరిగితే ఎవర్ని పట్టుకోవాలో తెలుత్తాది" అన్నాడు. ఆ రోజు నుంచి అక్కడ పడిన పేరు ఒక్కటే, నాది, బిందుమాధవి.

కృష్ణబాబుది కోటవురట్ల. మా ఆయన తారక్‌కి వరసకి బావ, అలా నాకు అన్నయ్య. ఆఫీసులో నేను సార్ అంటాను, ఆయన చెల్లెమ్మా అంటాడు, ముఖ్యంగా ఆదివారం పని చెప్పాల్సొచ్చినప్పుడు. ఆ ఉద్యోగం నాకు ఇంటర్వ్యూలోనే వచ్చింది. కానీ మా ఇంట్లో మాత్రం "మా బావ ఏయించేడు" అనే ఉంది. ఎన్నిసార్లు విన్నానో ఆ మాట.

పోయిన నెల ఒక ఆదివారం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఫోనులోంచే అప్‌డేట్ నడిపించాను. తారక్ పక్కన నిలబడి చూశాడు. "ఇదేనేటి నువ్వు సేసే పని? బటన్ నొక్కడానికి జీతమిత్తన్నాడా మా బావ?" అన్నాడు. బెల్లం మార్కెట్లో కమీషన్ కొట్టు ఆయనది. దిమ్మె పగలగొట్టి రంగు చూసి ధర చెప్పేస్తాడు, దానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆయన్నడిగితే పొద్దుపోయేదాకా చెబుతాడు. నాది మాత్రం బటన్. ఒళ్ళు మండిపోయింది. పని చెడిపోయినప్పుడే కనబడే పనులు కొన్నుంటాయి, ఇంట్లో నావన్నీ అవే. మంచినీళ్ళ బిందె నిండుగా ఉంటుంది, ఎవరు నింపారని ఎవరూ అడగరు. అత్తమ్మ మాత్ర వేళకి చేతిలో ఉంటుంది. ఉతికిన చొక్కా కొక్కేనికి ఉంటుంది. వాటంతటవే జరుగుతున్నాయనుకుంటారు. ఆఫీసులోనైనా నా పని కనబడుతుందనుకుంటే, నా చేతులతో నేనే అక్కడ కూడా దాన్ని కనబడకుండా చేసుకున్నాను. ఆ సంగతి ఆ ఆదివారమే తట్టింది గానీ, తట్టి ఏం లాభం.

అందుకే నిన్న తారక్ "ఈసారి మీ ప్లాంటు పూజకి మేమూ వత్తాం, కారు మాటాడేను" అంటే నమ్మలేకపోయాను. పెళ్ళయ్యాక ఒక్కసారి ఆ గేటు దాకా రాలేదు. సిగ్గులేని గుండె, పొంగిపోయింది. నా సీటు చూపిద్దామనుకున్నాను, సర్వర్ రూము చూపిద్దామనుకున్నాను. మా పాప దసరా సెలవులకి గొలుగొండలో మా అమ్మ దగ్గరుంది. అది కూడా ఉంటే బాగుండేదనుకున్నాను.

కారులో అత్తమ్మ ఎన్నడూ లేంది నా చెయ్యి పట్టుకుంది. "ఇయ్యాల్టితో నీకీ ఉరుకులు పరుగులు తప్పుతాయిలే" అంది. ఆటోమేటిక్ అయిన సంగతి కాబోలనుకుని నవ్వాను. "మా సత్తెలచ్చిమికి కూడా నెలలు నిండుతన్నాయి. పురుటికి ఇక్కడికే తెత్తన్నాం. సేతికింద మనిషుండాలి కదా" అంది. సత్యలక్ష్మి మా ఆడపడుచు. ఆ రెండు మాటల్నీ కలిపి చూసుకోవాలని నాకు తోచలేదు. తారక్ అద్దంలోంచి తల్లి వైపు ఒక చూపు చూసి, పాటల సౌండు పెంచాడు.

అంతలో గంగాభవాని ఫోటో పంపింది. ఆ మొదటి మూడింటిలో ఒకటి, ప్యాకింగ్ హాల్లో లేబుల్ కంప్యూటరు, ఆమెదే. కొత్త రకం లేబులు కొట్టి, రొయ్యల డబ్బా మీద అంటించి, "బాగుంది మేడమ్, అచ్చు స్పష్టంగా ఉంది" అని రాసింది. ఫోటో పెద్దది చేసి తేదీ చూశాను, చెరువు నంబరు చూశాను, కింద గీతల కోడ్ చూశాను. ఆ సాయంత్రం వెళ్ళే కంటైనర్‌కి ఈ కొత్త లేబుళ్ళే ఉండాలి. పాతవి ఇంక తీసుకోమని కొనేవాళ్ళు ఖండితంగా చెప్పేశారు. "చూశాను, బాధ్యత నాది" నొక్కి పేరు కొట్టాను. సర్వర్ల వంతు మొదలైంది. ఆ సర్వర్లే కాస్త జాగ్రత్త. మధ్యలో కరెంటు పోకూడదు. పూజ పదకొండుకి కదా, ఈలోపు అయిపోతుందని లెక్క వేసుకున్నాను.

ప్లాంటుకి చేరేసరికి పూజ మొదలైపోయి ఉంది.

ఆఫీసు ముందు పందిరి, అమ్మవారి పటం, దాని ముందు రెంచీలు, తూకం రాళ్ళు, రెండు కీబోర్డులు, బంతిపూలు. "పదకొండుకి దుర్ముహూర్తం వచ్చేస్తోందన్నారు పంతులుగారు. ముందే పెట్టేశాం," అన్నాడు కృష్ణబాబు. మా ప్లాంటులో ఒక ఆనవాయితీ ఉంది. ఆయుధాలకి హారతిచ్చేటప్పుడు అవి తిరగకూడదు, అందుకని మెయిన్ ఆపేస్తారు. కోల్డ్ స్టోరేజికి మాత్రం మినహాయింపు, ఆపితే రొయ్య కుళ్ళిపోతుంది. ఆ సంగతి అమ్మవారిక్కూడా తెలుసు. సర్వర్ల సంగతే ఎవరికీ తెలీదు.

"సార్, సర్వర్లు నడుస్తున్నాయి. మెయిన్ కాసేపు ఆపకండి" అన్నాను.

"బ్యాటరీ ఉంది కదా చెల్లెమ్మా. నువ్వే కొనిపించేవు."

నిజమే. యూపీఎస్ ఉంది. కరెంటు పోయినా సర్వర్లని అది మోస్తుంది, సరిపోతుంది. ఊపిరి పీల్చుకున్నాను. ఎలక్ట్రీషియన్ సత్తియ్య మెయిన్ దించాడు. ఫ్యాన్లు ఆగాయి, మైకు మాత్రం కోల్డ్ స్టోరేజి లైను మీద ఉంది. ఆ నిశ్శబ్దంలో కారిడార్ చివర్నుంచి యూపీఎస్ కూత మొదలైంది. కీచు... కీచు... మంటూ. అది కూస్తున్నంతసేపూ నా సర్వర్లు బతికున్నట్టే. నాకది చెవులకి ఇంపుగా ఉంది.

హారతి అయ్యాక కృష్ణబాబు మైకు అందుకున్నాడు. "ఈ రోజు ఇంకో శుభకార్యం కూడా ఉంది" అన్నాడు. "మన చెల్లెమ్మ బిందుమాధవి ఈ ప్లాంటులో కంప్యూటర్ల పనంతా ఆటోమేటిక్ సేసేసింది. ఇంక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, దానంతటదే నడిచిపోద్ది. మా బావ తారక్ అడిగేడు, బావా, ఇంటి దగ్గర అమ్మకి బాగోలేదు, చెల్లి పురుడుంది, ఇంక బిందుని ఇంటికి పంపేయ్ అని. నిజమే కదా, కుటుంబం కన్నా మనకి ఏదెక్కువ? ఇది మన బిందుమాధవికి ఈ ప్లాంటులో చివరి ఆయుధపూజ. గట్టిగా చప్పట్లు కొట్టండి."

చప్పట్లు కొట్టారు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళంతా తెల్ల టోపీలతోనే కొట్టారు. గంగాభవాని చేతులు మాత్రం కలిసినట్టే కలిసి ఆగిపోయాయి. కృష్ణబాబు భార్య దుర్గాలక్ష్మి పళ్ళెంతో వచ్చి నా నుదుట బొట్టు పెట్టింది. పొద్దుట్నుంచీ నేను ఎన్నిటికి పెట్టానో, అలాగే. చేతిలో చీర పెట్టింది, జాకెట్టు గుడ్డ పెట్టింది, రెండు అరటిపళ్ళు పెట్టింది.

కీచు... కీచు...

పంతులుగారు మొహం చిట్లించారు. "ఎవడ్రా అది, ఆ కూత ఆపండెహె! అమ్మోరి ముందర అపశకునం," అని కృష్ణబాబు మైకులోనే అరిచాడు. సత్తియ్య కారిడార్లోకి నడిచాడు.

"ఆపొద్దు! యూపీఎస్ ఆపొద్దు!" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినిపించింది.

తారక్ నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. "నలుగుర్లో ఏటా అరుపులు. నవ్వు, ఫోటో తీత్తన్నారు."

కూత ఆగిపోయింది.

ఫోటోలో నేనెలా పడ్డానో నాకు తెలీదు. పక్కకి తిరిగి, "నన్నడిగేరా?" అన్నాను.

"అడిగేదేటుంది? నీ మంచికే కదా."

"ఎప్పుడు మాట్లాడుకున్నారు?"

"మొన్న బావ కొట్టు కాడకొచ్చినప్పుడు. టీ తాగుతా అనుకున్నాం," అన్నాడు మామూలుగా.

టీ తాగుతా! అయ్యో నా రాత! ఏళ్ళ తరబడి చలిలో బూట్లేసుకుని తిరిగింది, అన్నం డబ్బా పక్కన పెట్టుకుని నేర్చుకుంది, అంతా కలిపి ఒక టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు తెమిలిపోయింది. ఇద్దరు మగాళ్ళు మాట్లాడుకున్నారు. మగాళ్ళు ఇప్పించిందే కాబట్టి మగాళ్ళే తీసేసుకోవచ్చు, నేను మధ్యలో ఎవర్ని? ఏడుపొచ్చింది, కానీ దాన్ని మించిన కోపమొచ్చింది. ఆ కోపం కంటే ముందు నాకు సర్వర్లు గుర్తొచ్చాయి. చీర చంకలో పెట్టుకుని కారిడార్లోకి పరిగెత్తాను.

సత్తియ్య మళ్ళీ కరెంటు వేశాడు. గంగాభవాని నా వెనకే వచ్చింది. సర్వర్లు గుర్రుమంటూ లేచాయి. తెర నల్లగా ఉంది. "సగంలో పోయింది కదా మేడమ్, ఇప్పుడేటవుద్ది?" అంది. "నేను రాసింది సరిగ్గా ఉంటే, సగంలో ఆగిన సంగతి అదే గుర్తుపట్టి నిన్నటికి వెళ్ళిపోతుంది. లేకపోతే లేబుళ్ళు లేవు, తూకం లేదు, కంటైనర్ లేదు" అన్నాను.

ఆ నల్లటి తెర ముందు నిలబడ్డప్పుడు నాకొచ్చిన ఆలోచన చెప్పాలి. అది లేవకపోతే వీళ్ళంతా నా కాళ్ళ మీద పడతారు. చివరి పూజ లేదు, ఏమీ లేదు, చెల్లెమ్మా చెల్లెమ్మా అంటూ వస్తారు. అది లేచిందా, నేను లేకపోయినా నడుస్తుందని ఊరందరి ముందూ రుజువైపోతుంది. నా పని బాగుంటే నేను పోతాను, నా పని చెడితే నేనుంటాను. ఏ మగాడికైనా ఇలాంటి ఇరకాటం ఉంటుందా? తారక్ బెల్లం రంగు సరిగ్గా చెప్పాడని ఎవరైనా ఆయన్ని ఇంటికి పొమ్మన్నారా? బాగా వండితే వంటింట్లోనే ఉండమంటారు, ఆఫీసులో బాగా పనిచేస్తే వంటింటికి పొమ్మంటారు. ఎటొచ్చీ దారి వంటింటికే. అయినా సరే, గంగాభవాని భుజం పట్టుకుని, లే, లే తల్లీ, లే, అని గొణుగుతూనే ఉన్నాను. పాడవ్వాలని కోరుకోవడం నాకు చేతకాలేదు. నేను కన్నది అది.

తెర మీద ఒక గీత కదిలింది. తరవాత ఇంకొకటి. "అసంపూర్తి మార్పు కనబడింది. పాత స్థితికి వెళ్తున్నాను" అని నేను రాసిన మాటలే నాకు కనబడ్డాయి. కాసేపటికి సర్వర్లు రెండూ నిన్నటిలా నిలబడ్డాయి. గంగాభవాని నన్ను వాటేసుకుంది. నేను నిజంగానే ఏడ్చాను.

"సూసేరా!" అన్నాడు గుమ్మంలోంచి కృష్ణబాబు. వెనక తారక్, అత్తమ్మ, దుర్గాలక్ష్మి, అకౌంట్స్ ఆఫీసరు నితీష్, ఇంకా కొందరు. "మొత్తం కరెంటు తీసేసినా దానంతటదే లేచి కూకుంది. చెల్లెమ్మ ముట్టుకోనైనా లేదు. నేను సెప్పలేదూ?" తారక్ మొహం మీద చిన్న నవ్వు. నాకు తెలుసు ఆ నవ్వు, బటన్ నవ్వు.

కళ్ళు తుడుచుకుని, "లేచింది సార్, నిన్నటికి లేచింది" అన్నాను. "కొత్త లేబుళ్ళు ఇంకా ఎక్కలేదు. కంటైనర్‌కి కావలసినవి అవే."

"ఎక్కించు మరి."

తెర వైపు చూపించాను. మళ్ళీ మొదటికొచ్చి ఆగి ఉంది. చూశాను, బాధ్యత నాది. కింద పేరు కోసం ఖాళీ గడి. మొదటి మూడు కంప్యూటర్లనీ మళ్ళీ తనిఖీ చేసి, ఒక మనిషి ఒప్పుకోవాలి.

"పేరు కొట్టి నొక్కెయ్. ఎంతసేపు?"

"నా పేరు అక్కడ పెట్టకూడదు సార్. ఇందాకే నన్ను పంపించేశారు కదా. చీర కూడా ఇచ్చారు. బయటి మనిషి నొక్కకూడదన్న నిబంధన కింద మీరే సంతకం పెట్టారు."

కృష్ణబాబు నితీష్ వైపు తిరిగాడు. "ఇంక కంప్యూటర్ల చార్జి నీదే కదా, నువ్వు కొట్టు."

నితీష్ కుర్చీ దగ్గరకొచ్చాడు, కూర్చోలేదు. "ఏం చూడాలి మేడమ్ ముందు?" అని అడిగాడు. చెప్పాను. తేదీ, చెరువు నంబరు, కోడ్, సర్వర్లో పాత నకలు భద్రంగా ఉందో లేదో. మధ్యలో ఆగితే ఏం చెయ్యాలో కూడా చెప్పాను. దాచుకోలేదు, దాచుకుంటే అది నా పని కాదు. అంతా విని అతను వెనక్కి జరిగాడు. "సార్, తప్పైతే కంటైనర్ అక్కణ్ణుంచి తిరిగొస్తుంది. నా పేరు వద్దు సార్" అన్నాడు. "మీరు కొట్టండి సార్, మేనేజర్ మీరే కదా" అని కూడా అన్నాడు. కృష్ణబాబు ఆ ఖాళీ గడిని పామును చూసినట్టు చూశాడు.

బయట కంటైనర్ డ్రైవర్ హారన్ కొట్టాడు.

కృష్ణబాబు చెమట తుడుచుకున్నాడు. నన్ను చూశాడు, గొంతు సవరించుకున్నాడు. నన్నే అడుగుతాడనుకున్నాను. నా పక్కనున్న తారక్ వైపు తిరిగాడు.

"బావా, ఏటంటావు? ఇయ్యాల్టికి నొక్కమని సెప్పు."

తారక్ చెయ్యి ఊపాడు. "నొక్కెయ్ బిందూ. పాపం బావ టెన్షన్ పడతన్నాడు. నొక్కేసి వచ్చెయ్, అమ్మకి మందుల టైమౌతంది."

అప్పటిదాకా నాలో ఎక్కడో చిన్న మెత్తదనం ఉంది. పోనీలే, పండగ, నలుగురిలో, మొగుడు, అన్నయ్య వరస అని. ఆ ఒక్క మాటతో అది కాస్తా పోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా సర్వరు, నా పేరు, నా వేలు. అడగడం మాత్రం ఆయన్ని!

"ఆయన్ని అడక్కండి సార్. ఇక్కడ ఉద్యోగం చేసింది నేను. నన్నడగండి" అన్నాను.

"ఏటా మాటలు?" అంది అత్తమ్మ. నేను అటు చూడలేదు.

"ఏటడగమంటావు?" అన్నాడు కృష్ణబాబు, కొంచెం కోపంగానే.

"ఉద్యోగంలో ఉంటావా, మానేస్తావా అని. మొన్న టీ తాగేటప్పుడు అడగాల్సిన మాట."

హారన్ మళ్ళీ మోగింది. దుర్గాలక్ష్మి మొగుడి వీపు మీద పమిట చెంగు చాటున చిన్నగా పొడవడం నేను చూశాను. "అడగండి. నోట్లో ముత్యాలు రాలిపోవు" అంది. కృష్ణబాబు నా వైపు తిరిగాడు.

"ఉంటావా... ఉంటారా, బిందుమాధవి గారూ?"

చెల్లెమ్మ ఎక్కడికో పోయింది. "ఉంటాను" అన్నాను. పెద్ద పెద్ద మాటలు చాలా అనుకున్నాను గానీ నోటికి అదొక్కటే వచ్చింది. "చివరిదని మైకులో చెప్పారు. కాదని కూడా మైకులోనే చెప్పండి."

ఆయన వెళ్ళి చెప్పాడు. గొణిగినట్టే చెప్పాడు గానీ మైకు మంచిది, అందరికీ వినపడింది. ఒలుపుడు హాల్లోంచి ఈలలు వినపడ్డాయి. నేను ఒక్కొక్కటీ మళ్ళీ చూశాను, తొందరపడలేదు. చూశాను, బాధ్యత నాది. బిందుమాధవి. నొక్కాను. సర్వర్లు అయ్యాయి, ఆ వెనక ఒకటొకటిగా గేటు, తూకం, ప్యాకింగ్, ల్యాబ్ అన్నీ ఆకుపచ్చగా మారాయి. చీర తిరిగి ఇచ్చేద్దామని దుర్గాలక్ష్మి దగ్గరకెళ్తే, "ఉంచుకోవే, నేనే ఎంచేను" అంది చెవిలో.

తారక్, అత్తమ్మ అప్పటికే కారులో వెళ్ళిపోయారు. నేను ఒలుపుడు ఆడవాళ్ళ బస్సులో, రొయ్యల వాసన మధ్య, గంగాభవాని పక్కన కూర్చుని మా ఊరు అనకాపల్లి చేరాను. దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. పొద్దుటి గారెల మూకుడు జిడ్డుతో పొయ్యి మీదే ఉంది. గ్రైండరు బొట్టు ఎండి రాలుతోంది. ఇద్దరూ హాల్లో టీవీ ఆపేసి కూర్చున్నారు.

"పరువు తీసేసేవు కదే. నా కొడుకుని నలుగుర్లో నిలబెట్టి అడక్కండి అంతావా?" అంది అత్తమ్మ.

తారక్ లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది, నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. "ఇంట్లో ఒక్క మాట అడక్కుండా, నీ ఇట్టం వచ్చినట్టు నువ్వే నిర్ణయించేసుకున్నావా? రేపట్నుంచి అమ్మని ఎవరు సూత్తారు? పురుడెవరు సేత్తారు? వంటెవరు సేత్తారు?"

నేను చెప్పులు విప్పి గోడ వారగా పెట్టాను. చీర బీరువాలో దాచుకున్నాను. చేతులు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, వాళ్ళిద్దరి ఎదుటా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీరిద్దరూ టీ పెట్టుకుని తాగుతూ మాట్లాడుకోండి," అన్నాను. "ఎవరు చేస్తారో తేలాక, ఆ పేరు నాకు చెప్పండి."